చొప్పలోని నార

పంట యింటికి చేరిన పిమ్మట పొలమునను కళ్లమునను మిగులుదానికి మన తెలుగున నెన్ని పేర్లున్నవో సోదరీమణు లెప్పుడైన లెక్కించితిరా? వరికి గడ్డి, జొన్నకు చొప్ప, కందికి కట్టె, చెఱకునకు పిప్పి, మక్కకంకికి బెండు, వడ్లకు ఊక, బియ్యమునకు తవుడు, పప్పులకు పొట్టు. కోసిన పిదప నేలను బట్టుకొని నిలిచినదానికి కొయ్యకాలు. ఒక్కొక్కదాని కొక్కొక్క పని యుండుటచేతనే యొక్కొక్క పేరేర్పడినది. తవుడునకు బదులు ఊక పెట్టిన యిల్లాలిని బర్రెయే తప్పుపట్టును. ఈ పేర్లన్నిటిని తుడిచివేసి "వ్యవసాయ వ్యర్థములు" అను నొక్క మాటతో మూటగట్టుట యీ కాలపు కచేరీల వాడుక. ఆ మాట మొన్నటి యాసంగి కోతల తరువాత మా వాకిటికే వచ్చినది. దానివెంట బ్యాంకు అప్పు మాటయు వచ్చినది. కావుననే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మాది నిజామాబాదు జిల్లాలోని మోర్తాడ్. ఆర్మూరునుండి మెట్‌పల్లికి బోవు పెద్దబాట మా యూరిమీదుగనే పోవును. పసుపు, మక్క, ఎఱ్ఱజొన్న మా ప్రాంతపు పంటలు. (మేము మక్క యనునది మీరు మొక్కజొన్న యనునదియే.) పసుపును గూర్చి వేఱుగ జెప్ప నక్కఱలేదు, 2025లో జాతీయ పసుపు బోర్డు కార్యాలయము నిజామాబాదున వెలసినది. ఎఱ్ఱజొన్న మాత్రము చదువరులలో పలువురకు దెలిసి యుండకపోవచ్చును. ఇది మేము రొట్టెలు చేసికొను జొన్న గాదు. యాసంగిలో విత్తి, చలి తగ్గి యెండలు ముదురునప్పటికి కోసి, గింజను వర్తకుల కమ్ముదుము. వారు దానిని ఉత్తరదేశమునకు పచ్చిమేత విత్తనముగ బంపుదురు. అనగా మా గింజ యెక్కడనో యెవరి పశువులకో మేతయగును. దాని చొప్ప మా పశువులకు మేతయగును. గింజధర యేటేట తగవులకు గారణము. 2019 లోకసభ యెన్నికలలో పసుపు, ఎఱ్ఱజొన్న రైతులు ధరలకై తామే నామినేషనులు వేయగా, నిజామాబాదు స్థానమున 185 మంది యభ్యర్థులు నిలిచిరి. గింజమీద నమ్మకము చాలని యేండ్లలో చొప్పయు నొక యాదరువే గదా.

ఇట్టి చొప్పమీద కన్నువేసి యొక వర్తకుడు మా పొదుపు సంఘమువారి కడకు వచ్చెను. చొప్పను నీటిలో నానవేసి, నార తీసి, యెండబెట్టి యిచ్చినచో కిలో కింతయని కొందుననెను. ఆ నారను ప్లాస్టిక్‌లో కలిపి కార్ల తలుపులకు లోపలి పలకలు, కుర్చీలు, పెట్టెలు చేయుదురట. ఇప్పుడు వాడు గాజునారకు బదులుగ నిది పనికివచ్చునట. నానవేయుటకు తొట్లును, గీకుటకొక యంత్రమును కావలయును. అందులకు సంఘము బ్యాంకులో అప్పు తీసికొనవలయును. "ఎట్లైనను మీకు వ్యర్థమే గదా" యని ముగించెను.

మా అత్తమ్మ యఱుగుమీద గూర్చుండి యంతయు వినుచునే యున్నది. ఆయన గడప దాటగానే, "బర్రెల నోటికాడి మేత తీస్కపోయి పిలాస్టికుల కలుపుతరా? మల్ల దానికి మనమే బాకీ పడాల్నా?" అనెను. సంఘములోని చిన్నది యొకతె నన్ను పట్టుకొని, "నువ్వు సదువుకున్నదానివి అక్కా, ఇది నిజమో అబద్ధమో అరుసుకొని చెప్పు. సంతకాలు పెట్టినంక ఏమనుకుంటే ఏం లాభం?" అని యడిగెను. ఆమెకు రెండెకరముల కౌలు, ఇద్దరు పిల్లలు. మా సంఘపు నిలువలో నామె వంతు నామెకు చిన్న మొత్తము గాదు. కావున నేను పుస్తకములు తిరుగవేసితిని. ఇంజనీరింగు చదువుచున్న మా అన్నగారి కూతురిని ప్రశ్నలతో వేధించితిని. దొడ్డిలో నొక తొట్టి పెట్టి స్వయముగ పరీక్షించితిని.

మొట్టమొదట దెలిసిన దేమనగా, వర్తకుడు చెప్పిన మాటలో మూలాంశము సత్యమే. అంతేగాక అది మనకు క్రొత్తదియు గాదు. మన యిండ్లలో చాటకును గంపకును పాతకాగితములు నానబెట్టి, మెంతులు చేర్చి, రుబ్బి పూయుదుము గదా! వెదురు బద్ద బలము నిచ్చును. ఆ పూత సందులు మూసి, బద్దల నొండొంటికి కట్టివేయును. బద్దలు మాత్రమే యున్న పిండి జాఱిపోవును. పూత మాత్రమే యున్న పెళుసై పగిలిపోవును. ధాన్యము పోయు గుమ్మి యల్లికకు పెండయు మట్టియు మెత్తుటయు నిట్టిదే. గోడమట్టిలో తరిగిన గడ్డి త్రొక్కి కలుపుటయు నిట్టిదే. గడ్డిలేని మట్టిగోడ యెండకు నెఱ్ఱెలువాఱును. గడ్డిపోచ యా నెఱ్ఱెను దాటి యిరుప్రక్కలను బట్టియుంచును. శాస్త్రజ్ఞులు మిశ్రమ పదార్థ మనునది యిదియే. మట్టికి బదులు ప్లాస్టిక్, గడ్డికి బదులు నార. తక్కిన న్యాయ మంతయు నొక్కటియే.

ఐతే యిందొక భేదము గలదు. వర్తకులు దీనిని తఱచుగ కప్పిపుచ్చుదురు. పొడి వేఱు, నార వేఱు. కొండపల్లి బొమ్మల పనివారు రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపి మక్కుగ జేసి బొమ్మల యవయవములను దిద్దుదురు. అది సందు నింపును, ఆకార మిచ్చును; లాగిన నిలువదు. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైటులోను కఱ్ఱపిండిని గలుపుట యట్టిదే. మన వంటింటి కుక్కరు పిడి, పాతయిండ్ల విద్యుద్దీపపు మీటలు ఆ జాతివి. కఱ్ఱపిండి దానిలో ఖర్చు తగ్గించును, పెళుసుదనమును గొంత తగ్గించును. వడ్ల ఊకను పిండిచేసి ప్లాస్టిక్‌లో కలిపి వసారాలకు పలకలు పోయు వ్యాపారము పలుదేశములలో నడచుచున్నది. అదియు నీ తెగదే. కాని గాజునార చేయు పనిని చేయవలయుననిన పొడి చాలదు. పొడుగైన పోగు కావలయును. లాగుడు వచ్చినప్పుడు ప్లాస్టిక్ తన భారమును ప్రక్కనున్న పోగునకు అప్పగించును. పోగు పొట్టిదైన పట్టు చాలక జాఱిపోవును. జడ యల్లుటకు జానెడు జుట్టైన నుండవలయును గదా.

చొప్పలో నట్టి పోగున్నదా? ఉన్నదని చూపినవారు మన తెలుగువారే. విజయవాడ కానూరులోని వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాలలో ఎ.వి. రత్నప్రసాద్, కె. మోహనరావు గారలు జొన్నచొప్పనుండి నార తీసి, పాలియెస్టర్ రెసిన్‌లో పొదిగి, పరీక్షించి, 2011లో ఆ ఫలితములను ప్రకటించిరి. అంతకుముందే యక్కడివారు వక్క, అరటి, వెదురు నారలను బరీక్షించియుండిరి. అనంతపురము శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున ఎ. వరదరాజులుగారును వృక్షనారలమీద చిరకాలము పనిచేసిరి. జొన్ననారను వారు కిత్తనారతోను వెదురునారతోను ఒకే కొలతలలో బోల్చి చూచిరి. ఘనపరిమాణమున నూటికి 40 పాళ్లు నార యున్న పలకలలో, లాగుడు నోర్చు బలమున జొన్ననార వెదురుతో నించుమించు సమానము, కిత్తనారకు 1.89 రెట్లు. సాగకుండ నిలుచు బిగువున వెదురుకంటె నూటికి 11, కిత్తనారకంటె నూటికి 45 ఎక్కువ. వంచినప్పుడు విఱుగకుండు బలము వెదురుకంటె నూటికి 4, కిత్తనారకంటె నూటికి 35 ఎక్కువ. ఈ యంకెలు చదివినప్పుడు నాకు నిజముగ సంతోషము గలిగినది. పశువుల గాటిపాటలో పడియుండు మన చొప్ప వెదురుతో భుజము కలిపి నిలిచినదనిన నెవరికి సంతోషము గలుగదు?

మా అత్తమ్మకు చదివి వినిపించితిని. ఆమె విని, "దానిల బలమున్నదని బర్రెకు ఎప్పుడో ఎరుక" అనెను.

పరిశోధకులు నార తీసినది నానవేసి, చేతితో గీకియే. మేమును ఆ విధముననే చేసితిమి. ఒక మోపు చొప్పను కణుపుల దగ్గఱ కోసి, చీల్చి, లోపలి బెండును తీసివేసి, పైబద్దలను మాత్రము తొట్టినీటిలో బెట్టి పైన రాయి వేసితిమి. నీటిలోని సూక్ష్మజీవులు నారపోగుల నంటించియుండు జిగురును తినివేయును. జనపనార తీయువారు చేయునదియు నిదియే. వారము దాటకముందే దొడ్డి కంపుగొట్టినది. రెండు వారములకు బద్ద మెత్తబడినది. మేము ముగ్గుర మొక పగలెల్ల పీటలమీద గూర్చుండి మొద్దుకత్తితో గీకితిమి. సాయంకాలమునకు నా దోసిటిలో నిమిడిన నార, ముగ్గురి నడుములలో నొప్పి, చేతులమీద దురద మిగిలినవి. నార మాత్రము చక్కగనే యున్నది. లేత బంగారువన్నె, గట్టి పోగు. సంఘపు స్త్రీలందఱు లాగిచూచిరి. తెగలేదు. ఐతే మోపు చొప్పనుండి దోసెడు నార! వర్తకుడు కిలో కిచ్చెదనన్న ధర నా దోసిటికి గట్టి, మూడు దినకూలీలతో సరిచూచితిని. లెక్క పెద్దది కానక్కఱ లేకపోయినది. కూలిలో నాల్గవ వంతైన రాలేదు. యంత్రము వచ్చిన చేతిపని తగ్గును, నిజమే. ఐనను నానవేయు నీరును, పట్టు దినములును, కంపును యంత్రము తగ్గింపదు. నానిన నీటిని చెఱువులోనికి వదలిన చేపలు చచ్చును. ఆ కుళ్లు నీటిలోని ప్రాణవాయువును హరించును. వేసవిలో మోర్తాడున నీరనగా నేమో మా యింటి బిందెల నడుగవలయును.

నార తీయుటతో కథ ముగియదు. వృక్షనారకు నీరనిన ప్రీతి. ప్లాస్టిక్‌నకు నీరనిన గిట్టదు. నూనెపూసిన చేతికి తడిపిండి యంటనట్లు ఈ రెండును సరిగ నంటవు. అంటనిచో భారము ప్లాస్టిక్‌నుండి పోగునకు మాఱదు. పోగు వృథాగ లోపల పడియుండును. అందుచేత నారను కాస్టిక్ సోడా నీటిలో ముంచి కడుగుదురు. అది పైనున్న మైనమును, జిగురును, లిగ్నిన్‌లో గొంతభాగమును తీసివేసి పోగును గరుకుచేయును. గరుకైన పట్టు దొరకును. ఇది శాస్త్రశాలలో గాజు పాత్రలో జేయునప్పుడు సులభము. పల్లెలో చేయునప్పుడు ముంచునది యెవరి చేతులు? కాస్టిక్ సోడా చర్మమును కాల్చును, కంటబడిన చూపు తీయును. వర్తకుని మాటలలో నీ సంగతి రాలేదు. అడిగినప్పుడు, "అది తరువాతి మెట్టు, తల్లీ" అనెను. తరువాతి మెట్టు గూడ మా వాకిటనే యున్నదేమో యను ననుమానము నాకు బోలేదు.

వేడియు నొక హద్దు. సుమారు 200 సెంటిగ్రేడు డిగ్రీలు దాటిన వృక్షనార మాడనారంభించును. కావున 165 డిగ్రీల ప్రాంతమున కరగు పాలిప్రొపిలీన్ వంటి వానితో నిది పొసగును గాని, నైలాను వంటి వానితో పొసగదు. పలకగ మాఱిన పిదపను తడి దానికి శత్రువే. కోసిన యంచులనుండి చెమ్మ లోనికి బోయి నార యుబ్బును, ఆరిన ముడుచుకొనును. అట్లు మాటిమాటికి జరిగిన పట్టు వదలును. అందుకే మోటారుకార్లలో వృక్షనార పలకలను వానకు దూరముగ లోపలి తలుపులకు వాడుచున్నారు. ఐరోపాలో 1990ల నుండి అవిసెనార, జనుమువంటి నారలతో నిట్టి పని విరివిగ సాగుచున్నది. గాజునార నీటిని బీల్చదు, కాని బరువు. వృక్షనార దానిలో నించుమించు సగము బరువే యుండును. బండి తేలికైన నంతమేర చమురు మిగులును. ఈ లాభము మాత్రము నిజమైనది. దానిని కాదనుట న్యాయము గాదు.

ఇక నాకు మనస్సున మిక్కిలి గ్రుచ్చుకొన్న ప్రశ్న వేఱొకటి. ఆ పలక పాతబడిన పిదప నేమగును? ప్లాస్టిక్‌లలో రెండు జాతులున్నవి. ఒకటి బెల్లము వంటిది: కాచిన కరగును, ఆరిన గట్టిపడును, మఱల కాచిన మఱల కరగును. పాలిప్రొపిలీన్ ఆ జాతిది. రెండవది జొన్నరొట్టె వంటిది: ఒకసారి కాలినపిదప మఱల పిండి కాదు. బేకలైటును, విజయవాడలో వాడిన పాలియెస్టర్ రెసిన్‌ను ఆ జాతివి. తూర్పు జర్మనీలో త్స్వికావ్ పట్టణమున 1957 నుండి 1991 వఱకు ట్రబాంట్ అను చిన్నకారును 30 లక్షలకు పైగా చేసిరి. ఉక్కు కఱవై, దాని పైతొడుగును పత్తిమిల్లుల పీచును రెసిన్‌తో కలిపి యదిమి చేసిరి. అది త్రుప్పుపట్టలేదు, అందఱును మెచ్చుకొనిరి. కారు ముసలిదైన పిదప మాత్రము ఆ తొడుగును కరగించుటకు వీలులేక, పూడ్చిన మట్టిలో గలియక, తలనొప్పిగ మాఱినది. మన చొప్ప పొలమున బడిన రెండేండ్లలో మట్టి యగును. దానిని అట్టి రెసిన్‌లో పొదిగితిమా, మట్టి కాగల వస్తువును మట్టి కానిదానిగ జేసితిమన్నమాట. బెల్లపుజాతి ప్లాస్టిక్‌తో గలిపినచో మఱల కరగించి యొకటి రెండుసార్లు వాడవచ్చును. ప్రతిసారియు నార తునిగి బలము తగ్గుచుండును.

ఇంతకును, చొప్ప వ్యర్థమా? ఈ ప్రశ్నకు బోధను చెఱకు మంచి సాక్ష్యము చెప్పును. 1937లో బోధను శక్కర్‌నగర్‌లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము మా జిల్లాకు పెద్దపేరు తెచ్చినది. నూఱు కిలోల చెఱకు నలిగిన సుమారు 30 కిలోల తడిపిప్పి మిగులును. అందు సగము నీరే. చూచువారికది గుట్టలుగుట్టలుగ వ్యర్థము. కాని చక్కెర మిల్లులలో ఆ పిప్పియే పొయ్యికి కట్టె. దాని మంటతోనే నీరావిరియై గానుగ తిరుగును, రసము మరుగును. అమెరికాలోని లూయిసియానాలో 1920ల నుండియే సెలొటెక్స్ కంపెనీవారు పిప్పితో గోడపలకలు చేసి యమ్మిరి. తమిళనాడు న్యూస్‌ప్రింట్ మిల్లు 1984 నుండి పిప్పితో కాగితము చేయుచున్నది. పిప్పినారను ప్లాస్టిక్‌లో పొదుగుటయు శాస్త్రశాలలలో బాగుగనే కుదిరినది. ఇన్నిచోట్ల పిప్పికి గిరాకి గలదు. అనగా కాగితమునకు తీసికొన్నవాడు మిల్లుపొయ్యికి బదులు బొగ్గైన నీయవలసియుండును. పిప్పికి పొయ్యి హక్కుదారైనట్లే చొప్పకు బర్రె హక్కుదారు. బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినప్పుడు చక్కెరతోపాటు పిప్పియు మాయమైనది. చెఱకు వేయువారు వరికి మఱలిరి. పిప్పిమీద నాధారపడి యెవరైన నొక పరిశ్రమ పెట్టుకొని యుండినచో వారి గతి యేమై యుండునో యూహింపుడు. ఒక పంట మిగులుపై కట్టిన యప్పు ఆ పంటతోపాటే లేచుచు పడుచు నుండును. మా సంఘము వారికి నే జెప్పదలచిన ముఖ్యమైన మాట యిదియే.

ఐనంతమాత్రమున మిగిలినదంతయు పశువు నోటిదే యనుటయు సరికాదు. యంత్రముతో కోసిన వరిచేలలో గడ్డి చెదరి, కొయ్యకాళ్లు నిలిచి, వాటికి నిప్పుపెట్టు దురాచారము మా జిల్లాలోను బలిసినది. ఆ రాత్రులలో దగ్గు మ్రోగని యిల్లుండదు. నిప్పు పొలముగట్టు దాటి ప్రక్కవాని గడ్డివాము నంటుకొన్న సందర్భములును జూచితిమి. మక్కబెండ్లు పశువు తినదు; పసుపు ఉడికించు కడాయిక్రింద కొన్ని కాలును, తక్కినవి కుప్పలుగ గుళ్లును. వానిలో పొడుగు నార లేదు. పిండిచేసి పలకలకు నింపుడుగ వాడవచ్చును. వడ్లమిల్లుల ఊకయు నట్లే: నూఱు కిలోల వడ్లకు సుమారు 20 కిలోల ఊక. దానిలో ఇసుకజాతి పదార్థము హెచ్చుగ నుండుటచేత పశువు ముట్టదు. చెదలును అంతగ ముట్టవు. పత్తికట్టె మఱియొకటి. గోదావరి కావలి యాదిలాబాదు వైపున పత్తికట్టెను పీకి కాల్చివేయుట వాడుక. ముంబయిలోని కేంద్రీయ పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ యా కట్టెతో బల్లచెక్కలు చేయు పద్ధతిని సిద్ధపఱచినది. ఇవి నిజముగ నెవరి నోటను లేనివి. మొదట వీని జోలికి బోక మేతమీద చేయివేయుట యేల యని వర్తకుని యడుగవలసినది. చొప్ప పొడుగ్గ నుండుట, మోపుగట్టి యుండుట, ఆడువారి చేతిలో నుండుట యాయనకు సులభము. నా కట్లు తోచినది.

సంఘము మా వసారాలో గూడినది. నా దోసెడు నారను తాంబాళములో బెట్టి చూపి, పైన వ్రాసినదంతయు చెప్పితిని. ఒకతె, "అయితే పనికిరాదంటవా, వదినె?" అనెను. పనికివచ్చును, మన చేతి కూలికి రాదు, మన యప్పుతో రాదు అంటిని. నాకు కొంచెము మనసొప్పని మాటయే యది. ఎందుకనగా ఆ నార పోగును లాగిచూచిన దినమునుండి నాకు దానిమీద మమకారము పుట్టినది. నా మేనకోడలు దూరవాణిలో, "అత్తా, మీరు మరీ భయపడుచున్నారు. ఎవ్వరును మొదలుపెట్టకున్న యెట్లు?" అని వాదించెను. మొదలుపెట్టవలసినది అప్పు తీర్పగలవారు అని యామెకు జవాబిచ్చితిని. ఆమె యా మాట నొప్పుకొనలేదు. ఒప్పుకొనవలసిన పనియు లేదు. ఆ పిల్ల చదువు ముగించి, నానవేయక నార తీయు యంత్రమొకటి చేసియిచ్చినచో చొప్ప మోపు నేనే మోసికొని పోయెదను.

చాలసేపు తర్కించి, చివరకు సంఘమువారు వర్తకునకు చెప్పవలసినది నాచేతనే కాగితముపై వ్రాయించిరి. తొట్లును యంత్రమును ఆయన పెట్టుకొనవలయును. కూలి దినమున కిచ్చిన వత్తుము. నార తూకమునకు రాము. కాస్టిక్ సోడా యూరిలోనికి రాగూడదు. నానిన నీటిని చెఱువునకు వదలగూడదు. చొప్ప, మేతకు మిగిలినది మాత్రమే, కార్తె చూచి చెప్పెదము. మక్కబెండ్లు కావలసిన ధర చెప్పి యిప్పుడే తీసికొని పోవచ్చును.

వారము తరువాత నాయన వచ్చి కాగితము చదివికొనెను. తొట్ల సంగతి యోచింపవలయుననెను. బెండ్ల కుప్పను మాత్రము చుట్టు తిరిగి చూచి, ఒకటి విఱిచి, వాసన చూచి, ధర వ్రాసికొని పోయెను. చొప్ప దొడ్డిలోనికి చేరినది. తొలకరివఱకు రెండు బర్రెలకు చాలునని మా అత్తమ్మ లెక్క.